యూరప్ పని అయిపోయిందట, ఫార్వర్డ్ చెప్పింది

మొదట మా బాబాయ్ పంపారు. గంట తిరక్కుండానే ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపులో అదే. రాత్రికి హైదరాబాద్‌లో అమ్మావాళ్లుండే అపార్ట్‌మెంట్ గ్రూపులో, నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందన్న ప్రశ్నకీ తప్పిపోయిన కుక్కపిల్ల ఫొటోకీ మధ్యలో మళ్లీ అదే. వారంలో తొమ్మిది మంది పంపారు. "నువ్వు అక్కడే ఉంటావుగా, నిజమేనా?" అని ముగ్గురు అడిగారు. మిగతా ఆరుగురూ అడగలేదు, నేరుగా జాలిపడ్డారు.

అందులో ఉన్నది ఇదీ. యూరప్ పని అయిపోయింది. ఈ మధ్య వాళ్లు కనిపెట్టింది సీసాకి అతుక్కుని ఉండే మూత ఒక్కటే. ఒకరి భాష ఒకరికి రాదు, కలిసి ఏం చేస్తారు? కోవిడ్ టీకా కూడా అమెరికాదే. ఊరికొక 'రిసెర్చ్ క్లస్టర్' (కంపెనీలూ విశ్వవిద్యాలయాలూ కలిసి కట్టుకునే గుంపు) పెట్టుకుని, ఒకరి ఊరికి ఒకరు సెమినార్లకు తిరుగుతూ సబ్సిడీలు తింటారు. చెప్పుకోదగ్గ కంపెనీ చిప్పులు గీసే యంత్రాలు చేసే నెదర్లాండ్స్ ఏఎస్ఎంఎల్ ఒక్కటే, దాని టెక్నాలజీ కూడా అమెరికా దానం చేసిందే. కాబట్టి డబ్బంతా సిలికాన్ వ్యాలీలాగా ఒకే మహానగరంలో గుమ్మరించాలి, చిన్న ఊళ్లకు పంచితే బూడిదలో పోసిన పన్నీరే. చివర మూడు దండాలు, ఒక జెండా, "కనీసం పది మందికి పంపండి".

ఎద్దు ఈనిందంటే దూడని గాట కట్టేయమనే జనం మనం. పంపేశాం.

నేను నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉంటాను. వారంలో రెండు రోజులు సరిహద్దు దాటి బెల్జియంలోని లువెన్‌లో పనిచేసి, సాయంత్రానికి ఇంటికొస్తాను. అంటే ఆ మెసేజ్ ప్రకారం నేను సెమినార్లకు తిరుగుతూ సబ్సిడీ తినే బాపతు. అది మనసులో పెట్టుకునే చదవండి.

మూత సంగతి నిజమే. 2024 జులై నుంచి యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో ప్లాస్టిక్ సీసాల మూతలు ఊడి రావు. తాగేటప్పుడు ముక్కుకి తగులుతుంది. చికాకే. దానికీ పరిశోధనకీ ఏంటి సంబంధం? 

భాషల సంగతి. మా సోమవారం మీటింగులో ఇద్దరు డచ్చివాళ్లు, ఒక జర్మన్, ఒక ఫ్రెంచావిడ, ఒక తైవాన్ కుర్రాడు, నేను. ఇంగ్లిష్ ఎవరికీ అమ్మభాష కాదు. అందరం సమానంగా తప్పులు మాట్లాడతాం. పని ఆగలేదు.

టీకా. అమెరికాలో ఉన్న మన పిల్లల్లో చాలామంది వేయించుకున్న ఫైజర్ టీకా రూపుదిద్దుకున్నది జర్మనీలోని మైన్జ్‌లో, 2008లో పెట్టిన బయోఎన్‌టెక్‌లో. ఆ కంపెనీ ఉన్న వీధి పేరుకి తెలుగులో అర్థం 'బంగారు గని దగ్గర'. నేను కల్పించలేదు, చిరునామా చూసుకోండి. ఆ ప్రాంతపు విశ్వవిద్యాలయం, ఆసుపత్రి, చిన్న కంపెనీలు కలిసి రోగనిరోధక చికిత్సల కోసం కట్టుకున్న సీఐ3 అనే క్లస్టర్‌ని 2012లో జర్మనీ ప్రభుత్వం తన క్లస్టర్ల పోటీలో ఎంపిక చేసింది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో బయోఎన్‌టెక్ పెట్టిన దంపతుల్లోని ఓజ్లెమ్ త్యురెజీ ఒకరు. కోట్ల మందికి చేర్చడానికి ఫైజర్ కావలసి వచ్చింది, సరే. మంత్రసాని గట్టిదే, అంతమాత్రాన బిడ్డ ఆవిడదైపోదు.

ఇక దానం సంగతి. నాకు నిద్రపట్టనివ్వనిది ఇదే, ఎందుకంటే ఇందులో సగం నిజం. పూర్తి అబద్ధమైతే నవ్వుకుని వదిలేద్దును.

మీ ఫోన్‌లోని చిప్ మీద గీతలు గీసేది వెలుతురు. ఎంత సన్నటి గీత కావాలంటే అంత చిన్న తరంగదైర్ఘ్యం కావాలి. చాలా ఏళ్లు 193 నానోమీటర్ల వెలుతురుతో నెట్టుకొచ్చారు. ఆ తర్వాతి మెట్టు ఈయూవీ, 13.5 నానోమీటర్లు. ఈ వెలుతురుతో ముందు దారి చూపించినవాళ్లలో జపాన్‌కి చెందిన హిరో కినోషితా ఉన్నారు, అది 1980ల్లో. తర్వాత అమెరికా జాతీయ ప్రయోగశాలలు, అంటే లారెన్స్ లివర్‌మోర్, శాండియా, బర్క్‌లీ, చాలా పని చేశాయి. 1997లో ఇంటెల్ ముందుండి ఆ ప్రయోగశాలలతో కలిసి ఒక కూటమి కట్టింది. జపాన్ కంపెనీలు నికాన్, క్యానన్‌లను దూరం పెట్టి, 1999లో ఏఎస్ఎంఎల్‌ని రానిచ్చారు. వెలుతురు పుట్టించే భాగాన్ని తయారుచేసిన సైమర్ కంపెనీది శాన్‌డియాగో. దాన్ని 2013లో ఏఎస్ఎంఎల్ కొనేసింది. ఇంతవరకూ మెసేజ్ రాసినాయనకి నా నమస్కారం.

ఇక్కడే ఆయన పెన్ను మూసేశారు. ఆ 'దానం'లో దొరికింది యంత్రం కాదు, యంత్రం వీలవుతుందన్న ఆశ. అదే కూటమి దగ్గర అలాంటి యంత్రాలే చేసే అమెరికా కంపెనీ ఎస్‌వీజీకీ తలుపు తెరిచే ఉంది. 2001లో దాన్నీ ఏఎస్ఎంఎలే కొన్నది. మొదటి నమూనా యంత్రాలు బయటికి వెళ్లింది 2006లో, ఒకటి లువెన్‌కి, ఒకటి న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీకి. ఆ వెలుతురుతో గీసిన చిప్పులు జనం జేబుల్లోకి వచ్చేసరికి 2019. విత్తనం ఇచ్చినవాడిదే పంటంతా అయితే, మా ఊళ్లో విత్తనాల కొట్టాయనే జిల్లాకెల్లా పెద్ద రైతు.

ఆ మధ్య ఇరవై ఏళ్లలో ఏం జరిగిందో ఒక్క చోట చూపిస్తాను. ఈ వెలుతురు గాలిలో నిలవదు, గాజులోంచి దూరదు. అన్నీ దాన్ని మింగేస్తాయి. అందుకని గాలి తీసేసిన గదిలో కరిగిన తగరాన్ని చుక్కలుగా వదులుతారు, సెకనుకి దాదాపు 50,000 చుక్కలు. పడుతున్న ప్రతి చుక్కనీ లేజర్ రెండు సార్లు కొట్టాలి. మొదటి దెబ్బకి చుక్క అప్పడంలా పరుచుకుంటుంది, రెండో దెబ్బకి మండి ఆ వెలుతురునిస్తుంది. ఆ లేజర్ వచ్చేది స్టుట్‌గార్ట్ పక్కన డిట్‌సింగెన్ నుంచి. తయారుచేసే ట్రంఫ్ పేరుపడింది ఇనుప రేకులు కోసే యంత్రాలకి. పుట్టిన వెలుతురుని మళ్లించేందుకు అద్దాలు కావాలి. అవి వచ్చేది ఓబర్‌కోహెన్‌లోని జైస్ నుంచి. ఆ అద్దాన్ని జర్మనీ దేశమంత పెద్దది చేసి చూస్తే, దాని మీద ఎత్తుపల్లాలు మిల్లీమీటరులో పదో వంతు. అంత నునుపైన అద్దం కూడా పడ్డ వెలుతురులో దాదాపు మూడో వంతు మింగేస్తుంది. పది అద్దాలు దాటేసరికి మిగిలేది నూటికి రెండు మూడు పాళ్లే. అందుకే అంత గట్టి లేజర్.

ఓబర్‌కోహెన్ జనాభా ఎంతనుకున్నారు? ఎనిమిది వేలు. మన దగ్గర అలాంటి ఊళ్లో ఎక్స్‌ప్రెస్ బస్సు ఆగాలన్నా ఎమ్మెల్యే చెప్పాలి.

మరి లువెన్‌లో చేసేదేమిటి? అక్కడ 1984లో బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంత ప్రభుత్వం డబ్బుతో, ప్రొఫెసర్ రోజర్ వాన్ ఓవర్‌స్ట్రాటెన్ పూనికతో మొదలైన ఐమెక్ అనే చిప్పుల పరిశోధన కేంద్రం ఉంది. ఏఎస్ఎంఎల్ పుట్టిందీ అదే ఏడాది, గంటన్నర దూరంలో. బయట ఒకరి గొంతు ఒకరు పట్టుకునే చిప్పుల కంపెనీలు ఇంటెల్, శాంసంగ్, టీఎస్ఎంసీ ఇక్కడ డబ్బు కట్టి, ఇంకా మార్కెట్‌కి చాలా దూరంలో ఉన్న సమస్యల మీద కలిసి పనిచేయించుకుంటాయి. తల నుంచి కాలి దాకా తెల్ల తొడుగు వేసుకుంటాం, కళ్లు తప్ప ఏమీ కనపడవు. ఒకసారి పరీక్ష కోసం చేసిన ఒక సిలికాన్ పలకలో గీతలు అక్కడక్కడా తెగిపోతున్నాయి. తప్పు వెలుతురుదా, పూసిన రసాయనానిదా? రెండు పోటీ కంపెనీల ఇంజినీర్లు ఒకే తెర ముందు నిలబడి మూడు గంటలు వాదించుకున్నారు. కాఫీ దగ్గర బిస్కెట్లు పంచుకున్నారు. "మీ ఫ్యాక్టరీలో ఎలా చేస్తారు?" అని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు. దాటకూడని గీత ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. ఆ గీతకి ఇవతల ఉన్నదంతా కలిసి చేసుకోవడమే క్లస్టర్ అంటే. ఫార్వర్డ్ భాషలో సెమినార్.

ఇది ఐండ్‌హోవెన్-లువెన్ ముచ్చట ఒక్కటే కాదు. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లోని లెటి ప్రయోగశాలలో సిలికాన్ కింద కరెంటుని అడ్డుకునే పల్చటి పొర పెట్టే పద్ధతి తయారైంది. ఆ పలకలు చేసే సొయిటెక్ దాని పక్కనే బెర్నాన్‌లో ఉంది. వాటి మీద తక్కువ కరెంటు తాగే చిప్పులు గీసేది జర్మనీలో, డ్రెస్డెన్ గ్లోబల్‌ఫౌండ్రీస్‌లో. డ్రెస్డెన్, గ్రెనోబుల్, ఐండ్‌హోవెన్, లువెన్ క్లస్టర్లు నాలుగూ 2012లో 'సిలికాన్ యూరప్' అని చేతులు కలిపాయి. ఆలోచన ఒక దేశంలో పుట్టి సరుకు ఇంకో దేశంలో తయారైతే అది చేతగానితనమట. మరి కాలిఫోర్నియాలో డిజైన్ చేసి తైవాన్‌లో చేయిస్తే దాన్ని ఏమంటారో?

సెమినార్ల గురించి ఒక మాట ఒప్పుకోవాలి. బాబాయ్, ఈ పేరా మాత్రం జాగ్రత్తగా చదవండి, మీరు గెలిచేది ఇక్కడే. యూరప్‌లో క్లస్టర్లమని చెప్పుకునేవాటిలో చాలావాటికి లోగో ఉంటుంది, వెబ్‌సైట్ ఉంటుంది, ఒక మేనేజర్ ఉంటారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పేరు చెప్పను గానీ, ఒక ఊళ్లో అలాంటి సమావేశానికి వెళ్లాను. మధ్యాహ్నమంతా లోగోలో నీలం ఎంత ముదురుండాలన్న చర్చే. ఈయూ పరిశోధన నిధి హొరైజన్ డబ్బు కావాలంటే మామూలుగా కనీసం మూడు దేశాల నుంచి మూడు సంస్థలు ఉండాలి. మూడో దేశం దొరక్క ఆఖరి వారంలో ఎవరినో బతిమాలి ఎక్కించుకోవడం నేను కళ్లారా చూశాను. నెల తిరిగేసరికి ఏ ప్రాజెక్టుకి ఎన్ని గంటలు పనిచేశానో పట్టిక నింపాలి. దాన్ని నింపడానికి పట్టిన గంటలు ఏ గడిలో రాయాలో నాకింతవరకు ఎవరూ చెప్పలేదు.

ఇంకా ఉంది. పరిశోధనకి జీడీపీలో 3 శాతం పెడతామని 2002లో బార్సిలోనాలో ప్రకటించుకున్నారు. ఇప్పటికీ 2 శాతం పైనే కొట్టుమిట్టాడుతున్నారు. 2030కల్లా ప్రపంచ చిప్పుల్లో 20 శాతం మావే అన్నారు. 2025లో ఈయూ ఆడిటర్లు యూరోపియన్ కమిషన్ సొంత అంచనానే చూపించి, 11.7 శాతం దాటేలా లేదన్నారు. మాగ్డెబర్గ్‌లో కడతానన్న ఫ్యాక్టరీని అదే ఏడాది ఇంటెల్ వదిలేసుకుంది. గత యాభై ఏళ్లలో సున్నా నుంచి మొదలై పదివేల కోట్ల యూరోల విలువ దాటిన కంపెనీ ఈయూలో ఒక్కటీ లేదని 2024లో ఇటలీ మాజీ ప్రధాని మారియో ద్రాగీ ఈయూకి ఇచ్చిన నివేదికే రాసింది. కనిపెట్టడం వచ్చు, పెంచి పెద్ద చేయడం రాదు. మెసేజ్ రాసినాయన ఇవన్నీ వదిలేసి సీసా మూత పట్టుకున్నారు. నన్నడిగి ఉంటే ఇంతకంటే పదునైన రాళ్లే ఏరి ఇచ్చేవాణ్ని.

మిగిలింది మహానగరం. సిలికాన్ వ్యాలీ మహానగరమట. మనవాళ్లు అద్దెకుండే సన్నీవేల్, శాంటాక్లారా, మౌంటెన్ వ్యూ ఎప్పుడు మహానగరాలయ్యాయి? అక్కడికి వెళ్లొచ్చిన పెదనాన్నలంతా "ఏముందిరా అక్కడ, రాత్రి ఎనిమిదైతే పురుగు కనపడదు" అని చెప్పినవాళ్లేగా.

స్వీడన్‌లోని లుండ్ చూడండి. 2010లో ఆస్ట్రాజెనెకా అక్కడి పరిశోధన కేంద్రాన్ని మూసేస్తామని ప్రకటించింది. తొమ్మిది వందల ఉద్యోగాలు. చిన్న ఊరు, అందులో ఒక పెద్ద కంపెనీ, అది మూటాముల్లె సర్దేసింది. ఫార్వర్డ్ ప్రకారం కథ ఇక్కడితో సరి. కానీ ఆ ఊళ్లో పాత విశ్వవిద్యాలయం ఉంది. 2000లో ఊరెసుండ్ వంతెన పూర్తయ్యాక సముద్రానికి అవతలి కోపెన్‌హాగన్ రైలు దూరంలోకి వచ్చేసింది. రెండు ఒడ్డుల ఔషధ కంపెనీలూ, ఆసుపత్రులూ, విశ్వవిద్యాలయాలూ కలిసి మెడికాన్ వ్యాలీ అని అప్పటికే అల్లుకుని ఉన్నాయి. మూసేసిన ఆ భవనాల్లోనే 2012లో మెడికాన్ విలేజ్ తెరిచారు. నిన్నటిదాకా ఒకే యజమాని ఉన్నచోట ఇప్పుడు వందకి పైగా సంస్థలున్నాయి. అదే ఊళ్లో 2016లో మ్యాక్స్-4 అనే ఎక్స్‌రే కేంద్రం ప్రారంభమైంది. పక్కన ఈఎస్ఎస్ అనే న్యూట్రాన్ కేంద్రాన్ని కడుతున్నారు. యంత్రం స్వీడన్‌లో, దాని డేటా కేంద్రం డెన్మార్క్‌లో. ఉద్యోగం పోయిన కెమిస్టు ఇల్లు అమ్ముకోకుండా, పిల్లల బడి మార్చకుండా ఇంకో పని వెతుక్కోగలిగాడంటే ఈ అల్లిక చలవే. మహానగరంలో ఉన్నవాడికి ఈ అవసరం అర్థం కాకపోవచ్చు. ఉన్న ఒక్క ఫ్యాక్టరీ మూతపడ్డ ఊరివాడికి అర్థమవుతుంది. అలాంటి ఊళ్ల పేర్లు నేను చెప్పక్కర్లేదు, మనందరికీ ఒకటో రెండో తెలుసు. వాటికి పైసా పంచొద్దన్న మాటని, వాటిలోనే పుట్టి పెరిగినవాళ్లు దండాలతో సహా ఫార్వర్డ్ చేశారు చూడండి, నా కోపం అక్కడ.

రాత్రి బాబాయ్‌కి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు. "ఆ తగరం చుక్కల సంగతి బాగుందిరా. దాన్ని చిన్న మెసేజ్‌గా రాసి పంపు, గ్రూపుల్లో వేస్తాను" అన్నారు.

రాసి పంపాను. పొద్దున్నే ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపులో నాకే తిరిగొచ్చింది. 50,000 చుక్కలు 5 లక్షలయ్యాయి. పైన జెండా.