ఊహాదేశపు సైన్యానికి బరువు ట్రక్కులు ఎవరు తయారు చేస్తారు?

ఒక దేశాన్ని ఊహించి, దానికి పటం గీసి, చరిత్ర రాసి, చివరికి సైన్యాన్ని కూడా సమకూర్చే అభిరుచి ఇంటర్నెట్ పుణ్యమా అని మన యువతకూ చేరువైంది. అటువంటి కల్పిత సైన్యాల్లో యుద్ధ ట్యాంకుకు దక్కే శ్రద్ధ ట్రక్కుకు దక్కదు. ఎవరైనా ట్రక్కును పట్టించుకున్నా, ఒక క్యాబిన్ బొమ్మ గీసి, దాని వెనుక నాలుగు, ఆరు, ఎనిమిది, పది చక్రాల రూపాలను వరుసగా పేర్చి, ఒకదానిపై క్రేను, ఒకదానిపై ఇంధన ట్యాంకరు, ఇంకొకదానిపై క్షిపణి గొట్టాలు అమర్చి, ఇదంతా ఒక కుటుంబం అని ప్రకటించడంతో పని ముగుస్తోంది. ఆ దేశపు నేల, వంతెనలు, గనులు, మరమ్మతు షెడ్లు ఎలాంటివో ముందు తేల్చుకోకుండా ఊహించిన ట్రక్కు నమ్మదగినదిగా ఉండదని నా అభిప్రాయం.

అసలు సైన్యానికి ఒకే కుటుంబానికి చెందిన ట్రక్కులు ఎందుకు కావాలో రెండో ప్రపంచ యుద్ధం గట్టిగా నేర్పింది. వందకు పైగా ఉన్న లారీ రకాలను 19కి కుదించాలని జర్మనీ యుద్ధానికి ముందే పథకం వేసుకుంది. కానీ యుద్ధం మొదలయ్యాక దొరికిన లారీనల్లా, ఓడిన దేశాల నుంచి స్వాధీనం చేసుకున్న వాటితో సహా, సైన్యంలో చేర్చుకోవలసి వచ్చి, విడిభాగాల సరఫరా పీడకలగా మారింది. అదే సమయంలో అమెరికా ఒక్క జీఎంసీ రెండున్నర టన్నుల లారీనే 5 లక్షలకు పైగా తయారు చేసింది. సోవియట్ సైన్యానికి పంపిన స్టూడ్‌బేకర్ లారీలు సామాను మోయడమే కాక కత్యూషా రాకెట్లకు వాహనాలుగానూ పనికివచ్చాయి. 1980లలో అమెరికా ప్రవేశపెట్టిన హెమ్‌ట్ ట్రక్కులూ ఈ దారిలోనివే. సరకు మోసేది, ఇంధనం మోసేది, చెడిపోయిన వాహనాన్ని లాక్కొచ్చేది అన్నీ ఒకే ఎనిమిది చక్రాల మూలం నుంచి వచ్చాయి.

కల్పిత ట్రక్కులకు అందరూ ఎంచుకునే నమూనా మాత్రం చెక్ దేశపు టాట్రా. అందుకు తగిన కారణమే ఉంది. మామూలు లారీకి రెండు పొడవాటి ఉక్కు దూలాల ఛాసిస్, దాని కింద కమాన్ పట్టీలు, అటునుంచి ఇటుకు ఒకే ఇరుసు ఉంటాయి. టాట్రాలో వాహనం మధ్యగా ఒక లావుపాటి ఉక్కు గొట్టం సాగుతుంది. ఇంజన్ శక్తిని చక్రాలకు చేర్చే షాఫ్టు ఆ గొట్టం లోపలే తిరుగుతుంది. ఇరుసులు రెండు ముక్కలుగా ఉండి, ప్రతి చక్రమూ గుంతను బట్టి విడిగా లేచి దిగుతుంది. గొట్టానికి మరో ఇరుసు భాగాన్ని జోడిస్తే ఆరు చక్రాలది ఎనిమిది చక్రాలదవుతుంది. ఇక్కడ కుటుంబం అనేది ప్రచారానికి పెట్టుకున్న పేరు కాదు, యంత్ర నిర్మాణంలోనే ఇమిడి ఉంది. మన పినాక రాకెట్ వ్యవస్థ ఎనిమిది చక్రాల టాట్రాపైనా, సైన్యం వాడే బ్రహ్మోస్ లాంచర్ పన్నెండు చక్రాల టాట్రాపైనా నిలబడ్డాయి.

అయితే ఈ గొప్పతనానికి చెల్లించవలసిన మూల్యం కూడా ఉంది. 1986లో కుదిరిన ఒప్పందంతో ప్రభుత్వ రంగ సంస్థ బెమెల్ మన దేశంలో టాట్రాలను తయారు చేయడం మొదలుపెట్టింది. కుడివైపు స్టీరింగ్ ఉండే దేశంలో అవి ఏళ్ల తరబడి ఎడమవైపు స్టీరింగ్‌తోనే నడిచాయి. 2012లో నాటి సైన్యాధిపతి జనరల్ వి.కె.సింగ్, ట్రక్కుల కొనుగోలుకు సంబంధించి తనకు 14 కోట్ల రూపాయల లంచం ఎరచూపారని ఆరోపించడం, సీబీఐ రంగంలోకి దిగడంతో కొనుగోళ్లు చిక్కుల్లో పడ్డాయి. ఆ తర్వాత సైన్యం అశోక్ లేలాండ్, టాటా సంస్థల ఆరు చక్రాల వాహనాలను కూడా తీసుకుంది. క్షిపణులు, రాకెట్లు, వంతెన పరికరాలు అన్నీ ఒకే ట్రక్కుపై ఎక్కించిన దేశానికి ఆ ఒక్క ట్రక్కు సరఫరా ఆగితే అన్నీ ఒకేసారి ఇబ్బందిలో పడతాయి. కల్పిత దేశాన్ని రూపొందించేవారు ఈ బలహీనతను కూడా కథలో భాగం చేయాలి.

ఇక ఆ దేశానికి ఉత్తర తెలంగాణ వంటి భూమి ఉందనుకుందాం. ఆదిలాబాద్ నల్లరేగడిలో వాన పడ్డాక బరువు లారీ ఇరుసుల దాకా దిగబడుతుంది. అక్కడ ఇంజన్ బలం కంటే టైరు వెడల్పు, డ్రైవరు క్యాబిన్‌లో కూర్చున్నచోటి నుంచే టైర్లలో గాలి తగ్గించే ఏర్పాటు ఎక్కువ అక్కరకు వస్తాయి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. అదే వానకు మోరంచవాగు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచేస్తే ఆర్మీ హెలికాప్టర్లు రావలసి వచ్చింది. హెమ్‌ట్ సుమారు 1.2 మీటర్ల లోతు నీటిలో వెళ్లగలదని లెక్క చెబుతుంది. ఆ లెక్క నిలకడ నీటికి వర్తిస్తుంది, ఉరవడి మీదున్న వాగుకు కాదు. పైగా సరకుతో సుమారు 28 టన్నులు తూగే ట్రక్కుకు ముందుగా అడ్డొచ్చేది వాగు కంటే దానిపై ఉన్న పాత కల్వర్టు. ఈ జిల్లాల్లో ఊరూరికీ కల్వర్టులే కాబట్టి, ఇక్కడి సైన్యానికి పది చక్రాల రాకాసి కంటే తేలికపాటి ఆరు చక్రాల ట్రక్కే మూల నమూనా కావాలని నేను గట్టిగా అంటాను.

తయారీ సంగతికి వస్తే, బరువు ట్రక్కును కట్టగల దేశానికి బరువు యంత్రాలతో బతికే జనం ఉండాలి. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో ఓబీ మట్టిని (బొగ్గు పొరపై నుంచి తొలగించే మట్టిని) మోసే 60, 100 టన్నుల డంపర్లను మూడు షిఫ్టులూ నడిపించే ఆపరేటర్లు, ఫిట్టర్లు, వెల్డర్లు గోదావరిఖని నుంచి భూపాలపల్లి దాకా ఉన్నారు. టాట్రాలు కట్టిన బెమెలే గనుల డంపర్లను కూడా తయారు చేస్తుంది. ఈ రెండు పనులూ ఒకే సంస్థలో ఉండటం కాకతాళీయం కాదని నేననుకుంటాను. గేర్‌బాక్సు, ఇరుసు, హైడ్రాలిక్ జాకీల విద్య గనిలో నేర్చుకున్నవారికి సైన్యపు ట్రక్కు కొత్త కాదు. కరీంనగర్ గ్రానైట్ దిమ్మెలను మోసే ట్రైలర్ డ్రైవర్లకు భారీ సరకును కట్టే పద్ధతి తెలుసు. వరంగల్ ఆటోనగర్‌లో కమాన్ పట్టీ మార్చగల మెకానిక్కు టాట్రా గొట్టాన్ని విప్పడానికి మాత్రం వేరే పనిముట్లు, వేరే శిక్షణ కావాలి. కల్పిత దేశం ఈ రెండు నిర్మాణాల్లో దేన్ని ఎంచుకుంటుందన్నది ఆ దేశంలో ఎటువంటి మెకానిక్కులు ఉన్నారన్న దాన్ని బట్టి తేలాలి.

చివరగా టైర్లు. 2022లో ఉక్రెయిన్‌లో దిగబడిన రష్యా వాహనాల ఫొటోలు చూసి, కదలకుండా నిలబెట్టి ఉంచిన టైర్లు ఎలా పాడవుతాయో నిపుణులు చాలా చర్చించారు. ఎనిమిది చక్రాల ట్రక్కు ఒక్కోదానికి స్టెప్నీతో కలిపి తొమ్మిది టైర్లు కావాలి. భారీ టైర్లకు సహజ రబ్బరు తప్పనిసరి. మన దేశంలో అది ప్రధానంగా కేరళ తోటల నుంచి వస్తుంది, గోదావరి తీరం నుంచి కాదు. ఊహాదేశపు పటంలో రబ్బరు తోటలకు చోటు లేనప్పుడు, ఆ టైర్లను ఎవరు అమ్ముతారో, అవి ఏ రేవులో దిగుతాయో, యుద్ధం వచ్చిన నాడు ఆ రేవు ఎవరి అధీనంలో ఉంటుందో కూడా పటం గీసినవారే చెప్పాలి.