కాటెయ్యని పాము కదా, రోగాలేం రావంట!

ఈమధ్య ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది, పెట్స్ పెంచేవాళ్ళ గ్రూపుల్లో మొదలై మా చుట్టాల గ్రూపు దాకా వచ్చేసింది. అందులో ఉన్నది ఇదీ: బాల్ పైథాన్, కార్న్ స్నేక్ లాంటి పెంపుడు పాములు విషం లేనివి, కరవనివి, బ్రీడర్ దగ్గర డబ్బాలో పుట్టి డబ్బాలో పెరిగినవి, అడవి మొహమే చూడనివి, వాటికి బొచ్చు రాలదు, చొంగ కారదు, కుక్కకొచ్చినట్టు రేబిస్ రాదు, సాల్మొనెల్లా అంటారే, జ్వరం, మోషన్స్ తెచ్చే బ్యాక్టీరియా, అది తాబేళ్ళ గొడవ, పాముకి ఒకసారి టెస్ట్ చేయించి నెగెటివ్ వస్తే చంటిపిల్లల చేతికి కూడా ఇచ్చెయ్యొచ్చు. చివర్లో రెండు పచ్చ గుండెలు.

పాములు పెంచేవాళ్ళతో నాకేం పేచీ లేదు, శ్రద్ధగా చూసుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ ఆ చంటిపిల్లల ముక్క చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

"రేబిస్ రాదు"

కరెక్టే. రేబిస్ పాలిచ్చే జంతువులకి వచ్చేది, పాముకి రాదు. ఈ ఒక్కదానికి ఫుల్ మార్కులు. అయితే ఒక రోగం రాదు కాబట్టి ఇంకేదీ రాదనడం ఏం లాజిక్కో వాళ్ళకే తెలియాలి.

"కరిస్తేనే కదా ప్రమాదం, ఇది కరవదు"

అసలు కథ నోటి దగ్గర లేదు, తోక వైపు ఉంది. సాల్మొనెల్లా పాము పేగుల్లో ఉంటుంది, పాముకి దానివల్ల మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, చక్కగా తింటుంది, నిగనిగలాడుతుంది, టైముకి కుబుసం విడుస్తుంది. బ్యాక్టీరియా మాత్రం రెట్టతో బయటికొస్తుంది. పాము ఆ ట్యాంకులోనే రెట్ట వేస్తుంది, దాని మీంచే పాకుతుంది, ఆ పొట్టతోనే నీళ్ళ గిన్నెలో పడుకుంటుంది, కాబట్టి కింద పరిచిన కొబ్బరి పొట్టు, అద్దం లోపలి వైపు, దాక్కునే చెక్క, ఒంటి మీది పొలుసులు అన్నిటికీ అంటుకుని ఉంటుంది, ఆరిపోయాక కూడా చాలా రోజులు బతుకుతుంది. మీరు దాన్ని మెడలో వేసుకుని ఒక సెల్ఫీ దిగి, అదే చేత్తో చిప్స్ ప్యాకెట్ విప్పితే చాలు, కాటుతో పనేముంది.

అసలు జంతువుని ముట్టుకోకపోయినా వస్తుంది. 1996 జనవరిలో అమెరికాలోని డెన్వర్ జూలో కొమొడో డ్రాగన్ని, అంటే ఆ పెద్ద బల్లిని చూడ్డానికి పెట్టిన ఎగ్జిబిట్‌కి వెళ్ళొచ్చిన పిల్లలకి వరసగా జ్వరాలు, మోషన్స్ మొదలయ్యాయి, లెక్క తేలేసరికి 65 మంది దాకా తేలారు. బల్లి మీద చెయ్యేసిన పిల్లలు కాదు వాళ్ళు. దాని చుట్టూ ఉన్న చెక్క అడ్డుని పట్టుకుని నిలబడి చూశారు, అంతే. చూసొచ్చాక చేతులు కడుక్కున్న పిల్లలు చాలావరకు తప్పించుకున్నారు.

ఇంకోటి ఉంది, ఇది చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన కేసు. ఒక పేషెంట్‌కి ప్లేట్‌లెట్స్ ఎక్కించాక రక్తంలో సాల్మొనెల్లా ఇన్ఫెక్షన్ వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చిందా అని వెనక్కి వెళ్తే దాత దగ్గర తేలింది, ఆయన ఇంట్లో పెంచుకునే బోవా పాము ఉంది. ఆయనకేమో ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు, ఉంటే రక్తం ఇచ్చేవాడే కాదు. "మా ఇంట్లో అయిదేళ్ళుగా ఉంది, నాకేం కాలేదు" అని కామెంట్లు పెట్టేవాళ్ళు ఈ కేసు ఒకసారి గుర్తు చేసుకోండి, మీకేం కాకపోవడం వేరు, మీ నుంచి ఇంకొకరికి వెళ్ళకపోవడం వేరు.

"సాల్మొనెల్లా తాబేళ్ళ గొడవ"

తాబేళ్ళకి పేరెక్కువ, దానికో కారణం ఉంది. చిన్న తాబేలు పిల్లల్ని పసివాళ్ళు నోట్లో పెట్టేసుకుంటున్నారని అమెరికాలో 1975లో నాలుగు అంగుళాల కన్నా చిన్న డిప్ప ఉన్నవాటి అమ్మకమే ఆపేశారు. ఆ రూల్ తాబేళ్ళ మీద పెట్టారు గనక పాములకి క్లీన్ చిట్ వచ్చేసినట్టు కాదు. 2004లో అక్కడి పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం పాములు, బల్లులు, తాబేళ్ళు, కప్పలు అన్నీ కలిపి ఏడాదికి సుమారు 74,000 సాల్మొనెల్లా ఇన్ఫెక్షన్లకి కారణం.

"టెస్ట్ నెగెటివ్ వస్తే సేఫ్"

ఇదే అన్నిటికంటే డేంజర్ పాయింట్, ఎందుకంటే వినడానికి సైన్స్‌లా ఉంది. పాము రెట్టలో ఈ బ్యాక్టీరియా రోజూ రాదు, కొన్నాళ్ళు వస్తుంది, కొన్నాళ్ళు ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. మీరు శాంపిల్ ఇచ్చిన రోజు లేదంటే ఆ రోజు లేదనే అర్థం. ఇక కొందరు "యాంటీబయాటిక్ కోర్సు వాడి క్లీన్ చేయించాం" అంటారు, అదీ జరిగే పని కాదు, పేగుల్లోంచి పూర్తిగా పోదు సరికదా మందుకి లొంగని రకాలు తయారవుతాయి. అమెరికాలో తాబేళ్ళ ఫారాల వాళ్ళు గుడ్లకి జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ పట్టించి చూశారు, చివరికి ఆ మందుకి లొంగని సాల్మొనెల్లాని పెంచి పోషించినట్టయింది.

"డబ్బాలో పుట్టింది, బయటి క్రిములు ఎలా వస్తాయి"

తిండితో వస్తాయి. ఈ పాములకి పెట్టేది ఎలకలు, చాలామంది ఫ్రీజ్ చేసినవి కొంటారు, గడ్డ కట్టించాక క్రిములు చచ్చిపోతాయని ధీమా. ఫ్రీజర్‌లో సాల్మొనెల్లా చావదండీ, పడుకుని ఉంటుంది. పాముల మేతకి అమ్మిన ఫ్రోజెన్ ఎలకల వల్ల బ్రిటన్‌లో వందల మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది, అమెరికాలో 2010లో ఒకసారి, 2014లో ఇంకోసారి ఇదే గొడవ. మనవాళ్ళు ఏం చేస్తారంటే ఆ ఎలక కవర్‌ని ఐస్‌క్రీమ్ డబ్బా పక్కన పెడతారు, ఐస్ వదలడానికి కిచెన్ గట్టు మీద గిన్నెలో వేస్తారు, పాము నీళ్ళ గిన్నె కూడా అంట్ల సింకులోనే తోముతారు. ఇంకేం మిగిలింది.

"పిల్లల చేతికి ఇవ్వొచ్చు"

వద్దు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అయిదేళ్ళ లోపు పిల్లలు ఉన్న ఇంట్లో ఇలాంటి జంతువులే వద్దంటుంది. పెద్దవాళ్ళకి నాలుగు నుంచి ఏడు రోజులు జ్వరం, కడుపునొప్పి, మోషన్స్‌తో పోయేది నెలల పిల్లలకి రక్తంలోకి, మెదడు పొరల దాకా వెళ్ళొచ్చు. నెలల పిల్ల పామునెక్కడ ముట్టుకుంటుంది అంటారేమో, ముట్టుకోనక్కర్లేదు, పాముని పట్టుకున్న నాన్న పాల సీసా కలిపితే చాలు. 65 దాటినవాళ్ళు, కీమో తీసుకుంటున్నవాళ్ళు, గర్భిణులు, సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్నవాళ్ళు కూడా ఈ లిస్టులోనే ఉన్నారు. ఇంకోటి ఎవరూ చెప్పరు, మన ఇళ్ళల్లో పొద్దున్నే పరగడుపున గ్యాస్ టాబ్లెట్ వేసుకునే తాతయ్యలు, అమ్మమ్మలు ఉంటారు చూడండి, కడుపులో యాసిడ్ తగ్గితే ఈ బ్యాక్టీరియాకి దారి ఇంకా సులువవుతుంది.

కాటు సంగతి కూడా ఒక ముక్క చెప్పేస్తా, విషం లేని పాము పంటి గాయం కూడా చీము పట్టొచ్చు, నోట్లో సూడోమోనాస్, ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియాలు ఉంటాయి, సబ్బుతో బాగా కడిగి, వాపు పెరుగుతుంటే డాక్టర్‌కి చూపించండి.

అలాగని పాముని ముట్టుకుంటే టైఫాయిడ్ వస్తుందని ఎదురు ఫార్వర్డ్ మొదలుపెట్టేవాళ్ళకి కూడా ఒక దండం. టైఫాయిడ్ తెచ్చేది సాల్మొనెల్లా టైఫీ, అది మనుషుల నుంచి మనుషులకే వస్తుంది, పాముల దగ్గర దొరికే రకాలు వేరు.

పెంచేవాళ్ళు చెయ్యాల్సింది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, శానిటైజర్ అనేది సబ్బు దొరకనప్పుడు మాత్రమే. ట్యాంకు సామాను బయట కుళాయి దగ్గర విడిగా పెట్టిన బకెట్‌లో కడగాలి. ఎలకలకి వేరే ఫ్రీజర్, అది కుదరకపోతే కనీసం మూత బిగిసే డబ్బా, ఐస్ వదిలించడం మాత్రం వంటింట్లో వద్దు. ముద్దులు పెట్టడాలు, సోఫా మీద, డైనింగ్ టేబుల్ మీద వదిలెయ్యడాలు మానాలి. మన నాటు పాములు, కొండచిలువ, జెర్రిపోతు ఏదైనా సరే, ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, దానికి క్లీనింగ్ టిప్స్ అడగొద్దు.

ఇంట్లో ఎవరికైనా జ్వరం, మోషన్స్ పట్టుకుంటే మనం ముందు పానీపూరీ బండి వాడిని తిడతాం, డాక్టర్ కూడా బయట ఏం తిన్నారనే అడుగుతారు, పాము ఉందా అని ఎవరడుగుతారు? అడక్కపోయినా మీరే చెప్పండి, స్టూల్ కల్చర్ (మలంలో బ్యాక్టీరియా ఉందేమో చూసే టెస్ట్) రాయాలా, రక్తానికి బ్లడ్ కల్చర్ కూడా కావాలా అన్నది ఆయన చూసుకుంటారు.