అడవికో నీతి, గడ్డినేలకో నీతి

అమెజాన్ అడవి తగలబడితే లోకమంతా గగ్గోలు పెడుతుంది. దాని పక్కనే, అదే బ్రెజిల్‌లో సెరాడో సవన్నాను, అంటే అక్కడక్కడా చెట్లున్న గడ్డినేలను, ట్రాక్టర్లు దున్నేస్తుంటే పట్టించుకునే నాథుడు లేడు. దాదాపు 20 లక్షల చదరపు కిలోమీటర్ల నేలలో సగం ఇప్పటికే సోయా చేల కింద, పశువుల మేత బీళ్ల కింద పోయింది. 2023లోనైతే ఇక్కడి నష్టం అమెజాన్‌ను మించిపోయింది.

మమ్మల్ని కలవరపెడుతున్నది ఈ వివక్షను చట్టమే రాసిపెట్టడం. 2012 అటవీ చట్టం ప్రకారం అమెజాన్ అడవిలో భూమి ఉన్నవారు అందులో 80 శాతం ముట్టుకోకూడదు. సెరాడోలో చాలాచోట్ల 20 శాతం వదిలితే చాలు! యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన నిబంధనదీ అదే తీరు. అడవి నరికిన నేలలో పండిన సోయాను కొనబోమంటూనే, అడవికి ఇచ్చిన నిర్వచనంలో సెరాడోను చాలావరకు బయటే ఉంచేసింది.

ఈ నేలను పాడుచేయకుండా బతకడం తెలిసినవాళ్లు అక్కడే ఉన్నారు. తోకంటిన్స్ రాష్ట్రం జలపావ్ ప్రాంతంలో, ఒకప్పుడు బానిసత్వం నుంచి తప్పించుకున్నవారి వారసుల ఊరు ముంబూకా. అక్కడి ఆడవాళ్లు బంగారు రంగు గడ్డికాడలను బురిటీ తాటినారతో కుట్టి బుట్టలు అల్లుతారు. సెప్టెంబర్ 20కి ముందు కాడ కోయరు. కోశాక పూలతలలు తుంచి అక్కడే చల్లుతారు, మళ్లీ మొలవాలి కదా. చూడటానికి వచ్చినవాళ్లు ఆ బుట్టలు కొంటారు, ఆ డబ్బుతో ఇళ్లు గడుస్తాయి. సెరాడోలో మరికొన్నిచోట్ల అక్కడే సహజంగా పెరిగే బారు గింజల చెట్లు, పెకీ పండ్ల చెట్లు నరకకుండానే వాటి మధ్య పంటలు వేస్తున్నారు.

సోయా ఎగుమతులతో దేశానికి ఆదాయం వస్తోందన్న వాదన ఉంది. కాదనం. సారం ఉడిగిన మేత బీళ్లు కోట్ల హెక్టార్లు పడి ఉండగా కొత్త నేల ఎందుకు చదును చేయాలి? సెరాడో మొక్కల వేళ్లు చాలా లోతుకు దిగి వాన నీటిని భూమిలోకి పంపుతాయి. సావో ఫ్రాన్సిస్కో నదికి నీళ్లు ఎక్కువగా ఈ నేల నుంచే వస్తాయి. ఎగువన దున్నేసి దిగువన వాగు ఎండిపోతే ఏ పర్యాటకుడు వస్తాడు, ఏ చిన్నరైతు నిలుస్తాడు?

అడవి కాని చెట్ల నేలలకూ నిబంధనను విస్తరించే విషయం 2024 జూన్‌లోగా పరిశీలిస్తామని యూరప్ అందులోనే రాసుకుంది. గడువు దాటింది, పరిధి పెరగలేదు. అమలునేమో రెండుసార్లు వాయిదా వేశారు. బ్రెజిల్ పాలకులు ఆ 20 శాతం జోలికే వెళ్లడం లేదు. గడ్డినేల అడవి కాదని చేతులు దులుపుకునే వీళ్లకు పర్యావరణం గురించి ఇతరులకు పాఠాలు చెప్పే హక్కు ఎక్కడిది?