పచ్చిమిరపకాయల నిమజ్జనం

నా ఎక్సెల్ షీట్లో అరవై మూడు వరుసలున్నాయి. మెల్‌బోర్న్ నుంచి సౌత్ ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ రేంజెస్ కొండల దాకా ఎక్కడ పెట్రోలు పోయించాలి, ఎక్కడ ఫోను సిగ్నలు పోతుంది, ఏ రోజు ఎన్నింటికి పొద్దుగూకుతుంది (చీకటి పడేవేళ కంగారూలు రోడ్డెక్కుతాయి, అప్పుడు బండి తోలడం అంత మంచిది కాదు), వానపడి లోయల్లో మట్టిరోడ్లు మూసేస్తే ఎటు తిరగాలి, అన్నీ రంగులేసి మరీ రాసుకున్నాను. స్పేర్ టైర్లో గాలికి ఒక వరుస. ఆ టైరు మార్చడం నాకు రాదన్న సంగతికి మాత్రం వరుస లేదు.

తిండికీ లేదు. అది అత్తయ్యగారి శాఖ.

ఆవిడ తెనాలి నుంచి వచ్చి నెలైంది. "అడవిలో ఏం దొరుకుతుంది బాబూ?" అని అడిగారు.

"అడవి కాదండీ, అవుట్‌బ్యాక్. ఊరికీ ఊరికీ మధ్య వంద కిలోమీటర్లు ఖాళీ. ఏమీ దొరకదు" అన్నాను, గొప్పగా ఉంటుందని. ఆ చివరి ముక్క మింగేయాల్సింది.

తెల్లవారుజామున మూడింటికి తాలింపు ఘాటుకి మెలకువ వచ్చింది. షీటు ప్రకారం ఆరింటికి బయల్దేరాలి. అత్తయ్యగారు ఆరుకి పది నిమిషాల ముందే శాలువా కప్పుకుని, సీటుబెల్టు బిగించుకుని కూర్చున్నారు. డిక్కీలో పులిహోర గిన్నె, చపాతీల డబ్బా, ఆవకాయ జాడీ, కరెంటు కుక్కరు. వాటి వెనక రెండు కిలోల టమాటాలు, అరకిలో పచ్చిమిరపకాయలు, సంచీడు కమలాలు. ఆ గుట్టల మధ్య కూర్చుని వేడన్నంలో టమాటా పచ్చడి కలుపుకోవాలని ఆవిడ ప్లాను. ఆ ప్లానుకి షీటూ లేదు, రంగులూ లేవు.

మిల్డూరా దాకా దాదాపు 540 కిలోమీటర్లు. నిమిషం తేడా రాలేదు. ఆ సంగతి మా ఆవిడకి అరగంటకోసారి గుర్తుచేశాను. పాపం, నిద్ర నటించింది.

రాష్ట్ర సరిహద్దు దగ్గరపడుతుండగా వెనకసీట్లోంచి మా అమ్మాయి బోర్డు చదివింది. "నాన్నా, పళ్ళూ కూరగాయలూ ఇక్కడే డబ్బాలో పడేయాలట. ముందు చెక్‌పోస్టులో దొరికితే ఫైనట."

సౌత్ ఆస్ట్రేలియాకి పండు ఈగంటే హడల్. పండుకి కన్నం పెట్టి లోపల గుడ్లు పెడుతుంది, పురుగులు పుట్టి పండంతా కుళ్ళబెడతాయి. సరిహద్దు దాటగానే రెన్‌మార్క్ చుట్టుపక్కల, ముర్రే నది ఒడ్డున ఉన్నవన్నీ నారింజ, ద్రాక్ష తోటలే. ఇక టమాటా, మిరప కూడా ఆ ఈగ లెక్కలో పళ్ళే. ఈ దేశంలో బడిపిల్లలకి కూడా తెలిసిన విషయం. నాకూ తెలుసు. వరుస లేదంతే.

"డబ్బు పోసి కొన్నవి పారేయడమేమిటి బాబూ!" అన్నారు అత్తయ్యగారు. అని ఊరుకోకుండా, ఆ మిరపకాయల ధర రూపాయల్లోకి మార్చి చెప్పారు. కార్లో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

తినేద్దామని తీర్మానం జరిగింది. రోడ్డు పక్కన చెత్తడబ్బా ముందు వరసగా నిలబడ్డాం. అత్తయ్యగారు టమాటాలు కోసి ఉప్పూ కారం అద్ది అందిస్తుంటే మేము మింగుతున్నాం. నా వాటాకి ఏడు కమలాలు పడ్డాయి. కారవాన్‌లో వచ్చిన ముసలి దంపతులు మర్యాదగా రెండు ఆపిల్స్ డబ్బాలో వేసి, మమ్మల్ని చూసి, గబగబా ఎక్కి వెళ్ళిపోయారు.

మిరపకాయల దగ్గర అల్లుడి మర్యాద కూడా ఓడిపోయింది. అత్తయ్యగారు సంచీ మూతి ముడేసి, రెండు చేతులతో ఎత్తి, డబ్బాలోకి మెల్లగా జారవిడిచారు. పసుపూ కుంకుమా వేయడమొక్కటే తక్కువ.

చెక్‌పోస్టులో డిక్కీ తెరిచిన అమ్మాయి ఆవకాయ జాడీ మూత తీసి, వాసన చూసి, వెంటనే మూత పెట్టేసి, వెళ్ళండని చెయ్యి ఊపింది.

నేను కుమిలిపోతున్నాను. అరగంట ఆలస్యం! మూడింటికి చేరాల్సిన రెన్‌మార్క్‌కి మూడున్నరకి చేరుతున్నాం. తీరా ఊళ్ళో అడుగుపెట్టి ఫోను చూస్తే సరిగ్గా మూడు. సౌత్ ఆస్ట్రేలియా గడియారం మా మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా కంటే అరగంట వెనక నడుస్తుంది.

"చూశావా, షీటంటే అదీ!" అన్నాను.

మా ఆవిడ కళ్ళు తెరిచింది. "మీ షీట్లో ఆ అరగంట ఉందా?"

లేదు.

"అయితే తప్పు మీది. సర్దింది మా అమ్మ టమాటాలు."

మర్నాడు బ్రాచినా లోయ. ఇరవై కిలోమీటర్ల మట్టిరోడ్డు, ఎండిన వాగుల్లోంచే దారి. ఇరుపక్కలా ఎర్రటి రాతిపొరలు నిట్టనిలువుగా లేచి ఉన్నాయి. చారల తోక వాలబీ (చిన్నసైజు కంగారూ లాంటిది) ఒకటి రాళ్ళమీద మమ్మల్నే చూస్తూ కూర్చుంది. ఈ పర్వతాల్లోని ఎడియాకరా కొండల పేరు మీదే ఒక భూగర్భ యుగానికి 2004లో పేరు పెట్టారు. ఆ యుగం మొదలైన చోటుకి గుర్తుగా ఇక్కడి రాతిలో కంచుబిళ్ళ బిగించారు. షీట్లో దీనికి మాత్రం ఏకంగా నాలుగు వరుసలున్నాయి.

"అరవై మూడున్నర కోట్ల ఏళ్ళ నాటి ముచ్చట, అత్తయ్యగారూ" అన్నాను, గొంతు కాస్త వణికించి.

ఆవిడ ఒక బండని అరచేత్తో నిమిరి చూశారు. నిట్టూర్చారు. "నూరుకోడానికి ఇన్ని రాళ్ళున్నాయి బాబూ. మిరపకాయే లేదు."

సాయంత్రం హాకర్ ఊళ్ళో సిగ్నల్ రాగానే తెనాలికి ఫోన్ కలిపారు. చెల్లెలు విశేషాలు అడిగినట్టుంది. లోయల ఊసు లేదు, కంగారూల ఊసు లేదు, వాలబీ ఊసు అసలే లేదు.

"ఆఁ, బానే ఉందే. మనకి వీసా ఒక్కసారి అడిగారు. పచ్చిమిరపకాయలకి ప్రతి రాష్ట్రంలోనూ కావాలట."