ఎవరి పీట వాళ్ళు తెచ్చుకుని రండి

1977 ఫిబ్రవరి 13. మధ్య అమెరికా దేశం ఎల్ సాల్వడార్‌లోని అపోపా అనే ఊళ్ళో ఆరుబయట పూజ జరుగుతోంది. సాటి ఫాదర్ ఒకరిని ప్రభుత్వం దేశం నుంచి వెళ్ళగొట్టినందుకు అది నిరసన. ఎదురుగా ఉన్నవాళ్ళలో ఎక్కువమంది కూలీనాలీ చేసుకునే రైతు కుటుంబాలవాళ్ళు. ఫాదర్ రుటిలియో గ్రాండే ఆ రోజు ప్రసంగంలో ఒక బల్ల గురించి చెప్పారు. దేవుడు ఈ లోకాన్ని అందరికీ కలిపి ఇచ్చాడు, అందరికీ సరిపోయే పొడవాటి గుడ్డ పరిచిన బల్ల ఒకటి ఉంది, దాని దగ్గర ప్రతి ఒక్కరికీ ఒక పీట ఉంది అన్నారు. నెల తిరక్కుండానే, మార్చి 12న, ఆయన్ని దారికాచి కాల్చి చంపారు. కారులో ఆయనతోపాటు ఉన్న ఒక పెద్దాయన, ఒక కుర్రాడు కూడా చనిపోయారు.

ఆ పీట మాత్రం పాటలోకి వచ్చింది. ఆర్చ్‌బిషప్ ఆస్కార్ రొమేరో కోరిక మీద గిల్యెర్మో కుయేయార్ అనే యువ సంగీతకారుడు సాల్వడార్ జనం పాడుకునేలా పూజ పాటలు కట్టాడు. వాటిలో మొదటిది విందుకు పిలుపు. అందరం విందుకు పోదాం రండి, ఎవరి పీట వాళ్ళు తెచ్చుకోండి, అక్కడ అందరికీ చోటుంది, అందరికీ పని ఉంది అని దాని పల్లవి. 1980 మార్చి 24న రొమేరోని కూడా చంపేశారు, అదీ బలిపీఠం దగ్గరే. ఆ పాట ఈరోజుకీ లాటిన్ అమెరికా గుళ్ళలో వినిపిస్తుంది.

ఆ పాటలో ‘న్యాయం’ అనే మాట కోసం వెతకక్కర్లేదు. సోయపాంగో నుంచి వచ్చాం, మెహికానోస్ నుంచి వచ్చాం, సాంతా తెక్లా నుంచి వచ్చాం అంటూ జనం తమ పేటల పేర్లు చెప్పుకుంటారు. ఇంకో చోట, ఈ బల్ల దగ్గర సరుకు దాచిపెట్టుకునేవాళ్ళు ఉండరు అంటారు. ఈ రెండూ చాలు. ఎవరు పాడుతున్నారో, ఎవరి వల్ల ఆకలి పుట్టిందో తెలిసిపోతుంది. లేఖనాల్లోని న్యాయాన్ని పాటగా మలచాలంటే ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనబడలేదు.

ఎందుకంటే బైబిల్లో ప్రవక్తలు కూడా ఇలాగే మాట్లాడారు. ఆమోసు తెకోవ ఊరి పసుల కాపరి, మేడిపండ్లు ఏరుకునేవాడు. తూము చిన్నది చేశారు, త్రాసు మోసం చేశారు, చెప్పుల జోడు కోసం పేదవాణ్ణి కొన్నారు అంటాడు. సంత గురించి మాట్లాడినంత సూటిగా ఆరాధన గురించి కూడా మాట్లాడాడు. మీ పాటల మోత నా దగ్గర్నుంచి తీసెయ్యండి, మీ వాయిద్యాలు నేను వినను అని దేవుడే అన్నట్టు 5వ అధ్యాయం 23వ వచనంలో ఉంది. న్యాయం నీళ్ళలా పారాలన్న ప్రసిద్ధ వచనం దాని తర్వాతదే. ఆ 24వ వచనాన్ని గోడ మీద రాసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. క్రైస్తవ గీతం రాయడానికి కూర్చునేవాళ్ళు 23ని ముందు చదువుకోవాలని నా గట్టి అభిప్రాయం. పాటే వద్దన్న చోటునుంచి పాట రాయడం చిన్న పని కాదు.

న్యూజిలాండ్‌లో షర్లీ ఎరీనా మర్రీ (1931–2020) ఆ పని చేశారు. ప్రెస్బిటేరియన్ పాస్టరు గారి భార్య, మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌లో పనిచేసిన మనిషి. ఆమె రాసిన ఒక గీతం కూడా బల్ల గురించే. పుట్టిన ప్రతి ఒక్కరికీ బల్ల దగ్గర చోటు, నీళ్ళు, రొట్టె, తల దాచుకోను గూడు, భయంలేని బతుకు. వినగానే గుండెకు తగులుతుంది. అయితే అందులో ఒక చరణం హింసించినవాడికీ, హింస పడినవాళ్ళకీ అదే బల్ల దగ్గర చోటిస్తుంది, క్షమించుకోవాలంటుంది. దాని మీద చాలా గొడవ జరిగింది. కొన్ని సంఘాలు ఆ చరణం వదిలేసి పాడతాయి. వదిలేయడమే సరైందని నేననుకుంటాను. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడమనిషి ఆదివారం గుడికొచ్చి, తనని కొట్టినవాడి పక్కన కూర్చుంటానని రాగం తీసి పాడాలా? క్షమించాలో వద్దో ఆమె తేల్చుకోవాలి. పక్కవాళ్ళంతా గొంతు కలిపి ఆమె చేత అనిపించకూడదు. ఆ పాటను నేను ప్రేమిస్తాను కాబట్టే ఇది చెబుతున్నాను.

మన పక్కనే మదురైలో ఇంకొకాయన ఉండేవారు. జె. తియోఫిలస్ అప్పావు. తమిళనాడు థియలాజికల్ సెమినరీలో పాఠాలు చెప్పేవారు. పిల్లలకీ పెద్దలకీ ఆయన ‘పరట్టై అన్నన్’, అంటే చింపిరి జుట్టు అన్నయ్య. తమిళ సంఘాల్లో గౌరవంగా పాడుకునే కీర్తనలు కర్ణాటక సంగీతంలో ఉన్నాయి, ఊరి చివర ఉండే దళిత క్రైస్తవుడి డప్పుకి, జానపద బాణీకి గుళ్ళో విలువలేదు అన్నది ఆయన బాధ. అందుకని ఆరాధన మొత్తాన్ని పల్లె పాటల బాణీల్లోకి తెచ్చారు. ఆయన వేదాంతం కూడా తిండి చుట్టూనే తిరుగుతుంది. అందరూ కలిసి ఒకే కుండలో వండుకుని తినడం ఆయనకి దేవుని రాజ్యం. కులం ఉన్న దేశంలో ‘ఒకే కుండ’ అన్న మాట ఎంత పెద్దదో మనకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

మరి మన సంగతి? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటివాళ్ళ కీర్తనలు పాడుతుంటే నాకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి, వాటి అందం తక్కువ చేయను. కానీ ఆకలి, అంటరానితనం గురించి దేవుణ్ణి నిలదీసిన గొంతు మనకి కీర్తనల్లో కంటే పద్యంలో ఎక్కువ దొరికింది. జాషువా (1895–1971) ‘గబ్బిలం’ రాశారు, ‘క్రీస్తు చరిత్ర’ కూడా రాశారు. ఆ రెంటినీ చదివినవాడికి ఒకే మనిషి గొంతు వినిపిస్తుంది. ఇక ఇప్పుడు యూట్యూబ్‌లో వారానికి బోలెడు కొత్త పాటలు వస్తున్నాయి. ట్రాక్ బాగుంటుంది, గొంతు బాగుంటుంది. అయితే ఎక్కువ పాటల్లో ‘నా’ కన్నీరు, ‘నా’ గాయం, ‘నన్ను’ హెచ్చించావు అనే ఉంటుంది. దావీదు కూడా అలా పాడాడు, తప్పేం లేదు. కానీ దీనులనెక్కించి, ఆకలిగొన్నవాళ్ళని తృప్తిపరిచి, ధనవంతులను వట్టి చేతులతో పంపాడని యేసు తల్లి మరియ పాడిన పాట డిసెంబరులో చదివి మూసేస్తే ఎలా? ఆమె పొగిడిన దేవుడూ మనం పొగిడే దేవుడూ ఒకడేగా.

తెలుగులో అలాంటి పాట కట్టడానికి కావలసిన మాటలు మన నోట్లోనే ఉన్నాయి. గుళ్ళో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు సంస్కారాన్ని మనవాళ్ళు ‘బల్ల’ అనే అంటారు. ‘ఈ ఆదివారం బల్ల ఉంది’ అంటే చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. ఒకే ఊళ్ళో మాలపేటలో ఒక గుడి, మాదిగపేటలో ఒక గుడి, రెండిట్లోనూ అదే రొట్టె, అదే ద్రాక్షరసం, రెండు బల్లలు. కొరింథు సంఘంలో ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తెక్కి ఉన్నాడని పౌలు కోప్పడింది ఇలాంటి బల్ల గురించే.

పోయిన క్రిస్మస్‌కి మా వైపు ఒక పల్లెలో ప్రేమ విందుకి వెళ్ళాను. గుడి ముందు టార్పాలిన్ పరిచి బంతి వేశారు. పిల్లలు ఎవరి పక్కన పడితే వాళ్ళ పక్కన కూర్చున్నారు. పెద్దవాళ్ళు కాసేపు నిలబడి, ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూసుకుని, అప్పుడు కూర్చున్నారు. అవతలి పేట నుంచి వచ్చిన ఒక ముసలామె చివర్న నిలబడిపోయింది. వడ్డిస్తున్న కుర్రాడు అన్నం బేసిన్ కింద పెట్టి, గుళ్ళోంచి పీట తెచ్చి బంతి మధ్యలో వేశాడు. ‘ఇక్కడ కూర్చో మామ్మా’ అన్నాడు. ఆమె కూర్చునేదాకా బేసిన్ ఎత్తలేదు.