డీవియేషన్ లిమిట్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డీవియేషన్ లిమిట్ గారికి నమస్కారాలు.

తమరు కాంట్రాక్టు కాగితాల్లో ఎక్కడో లోపల, షెడ్యూల్ 'ఎఫ్'లో కాపురముంటారని తెలిసి ఆ చిరునామాకే రాస్తున్నాను. టెండరు తెరిచే రోజు తమరిని పలకరించే నాథుడుండడు. బిల్లు పెట్టే రోజు మాత్రం ఆఫీసంతా తమరి చుట్టూ ప్రదక్షిణాలు.

తమరి ప్రతాపం తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఫలానా పని ఇన్ని క్యూబిక్ మీటర్లని ముందే అంచనా వేస్తారు. దిగాక అది పెరగొచ్చు. తమరు గీసిన శాతం దాకా పెరిగితే ఒప్పుకున్న రేటే ఇస్తారు. దాటితే, దాటిన మేరకు మార్కెట్ రేటు చూస్తారు. ఎంత న్యాయం! ఆ న్యాయం ఎక్కడ ఆగుతుందో మట్టిపనిలో చూడాలి. కాంట్రాక్టరు గారు మట్టి తవ్వకానికి తక్కువ, గట్టి రాయి తవ్వకానికి బాగా ఎక్కువ కోట్ చేశారనుకుందాం. ఇక భూమాత కూడా ఆయనకే సహకరిస్తుంది. ఎస్టిమేట్‌లో ఎర్రమట్టిగా ఉన్నది, చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్‌లోకి వచ్చేసరికి గట్టి రాయి అయి కూర్చుంటుంది. బ్లాస్టింగ్ చప్పుడు ఊళ్లో ఎవరికీ వినపడదు, బిల్లులో మాత్రం పేలుతుంది. తమరి హద్దు 30 శాతమైతే రాయి 29.8 దగ్గర బుద్ధిగా ఆగుతుంది. దాటితే రేటు తగ్గించే అధికారం ఇంజినీరుకి ఉందని ఆ రాయికి తెలుసు మరి.

ఆలస్యం సంగతి చూసే తమరి తమ్ముడు ఇంకా దయామయుడు. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) ఒప్పందంలో ఆయన పేరు క్లాజ్ 2. పని ఎన్నేళ్లు సాగినా పరిహారం టెండరు విలువలో 10 శాతం మించకూడదట. జరిమానాకి పైకప్పు వేశారు, ఆలస్యాన్ని ఆరుబయట వదిలేశారు. ఆ పది కూడా పడకుండా గడువు పొడిగింపు ఉత్తర్వు ఎలాగూ వస్తుంది.

ఇవన్నీ చిల్లర లెక్కలు. తమరి కుటుంబంలో పెద్దవాళ్లు ప్రాజెక్టుల దగ్గర ఉంటారు. కేంద్ర ప్రాజెక్టు ఖర్చు 20 శాతానికి మించి పెరిగితే ప్రత్యేక కమిటీ చూడాలి. కాకపోతే ఆ 20లో పన్నుల పెరుగుదల కలపరు, డాలరు రేటు కలపరు, అనుమతించిన గడువు లోపల పెరిగిన ధరలూ కలపరు. ఉపవాసమే, కానీ పండ్లు, పాలు, ఇడ్లీ లెక్కలోకి రావు.

పోలవరం చూడండి. 2005-06 ధరల్లో 10,151 కోట్లు. 2010-11 ధరల్లో 16,010 కోట్లు. 2017-18 ధరల్లో 55,548 కోట్లు. ఆఖరి అంకెలో సగానికి పైగా భూసేకరణ, పునరావాసానిదే. 2013 భూసేకరణ చట్టం ప్రకారం నిర్వాసితులకి అది ఇవ్వాల్సిందే, కాదనను. చట్టం కొత్తది గానీ ఊళ్లు కొత్తవి కావు కదా! అటు కాళేశ్వరంలో 81,911 కోట్ల అంచనా 1,47,427 కోట్లు దాటేలా ఉందని కాగ్ లెక్కగట్టింది. అంటే 80 శాతం పెరుగుదల. మరి తమరు ఆ సమయంలో ఎక్కడున్నారు?

నాకు తెలుసు, చెప్పక్కర్లేదు. సవరించిన అంచనాకి అనుమతి వచ్చిన మరుక్షణం తేడా సున్నా. నిన్నటిదాకా ఘోరం, ఈరోజు నుంచి అదే అంచనా. తమరు మళ్లీ అక్కడి నుంచి శాతాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవచ్చు.

అమెరికాలో తమరికో దూరపు బంధువు ఉన్నాడు. 1982లో పుట్టాడు, పేరు నన్-మెకర్డీ చట్టం. ఆయుధాల కార్యక్రమంలో ఒక్కోదాని ఖర్చు 15 శాతం పెరిగితే గణనీయం, 25 పెరిగితే తీవ్రం అంటాడు. అక్కడా రక్షణ శాఖ పెంటగాన్ అంచనాని మార్చుకుంటూ గీత దాటకుండా నెట్టుకొచ్చింది. 2006లో ఆ ఎత్తుకి చెక్ పెట్టారు. తాజా అంచనాతోనే కాదు, మొట్టమొదటి అంచనాతో కూడా పోల్చాలి, అక్కడ హద్దులు 30, 50 అని చట్టంలోనే చేర్చారు. బాగానే ఉంది. 2024లో సెంటినెల్ క్షిపణుల ఖర్చు 81 శాతం పెరిగి 141 బిలియన్ డాలర్ల దగ్గరికి చేరింది. దేశ భద్రతకి తప్పనిసరి అని పెంటగాన్ ధ్రువీకరించకపోతే ఆ కార్యక్రమాన్ని రద్దు చేయాలి. ధ్రువీకరించారు.

కాబట్టి కంగారు పడకండి. అంత కట్టుదిట్టమైన బంధువే ఏమీ చేయలేకపోయాడు, తమరి కొలువుకి ఢోకా లేదు. ఆయన దగ్గర ఒక్కటి మాత్రం అడిగి తెచ్చుకోండి, ఆ మొదటి అంచనాని వదలని అలవాటు. పని జరిగేచోట నిలబెట్టే బోర్డు మీద కొత్త అంకె ఎంత పెద్దదైనా రాయించండి. పాత అంకెనీ, పాత గడువునీ మాత్రం రంగేసి చెరిపించకండి. పెయింటు ఖర్చు కూడా మిగులుతుంది.

ఇట్లు,
ఒక పన్ను చెల్లింపుదారు