గండిపేట రోడ్డు స్పీడ్ బ్రేకర్ గారికి, సైకిల్ సీటు మీంచి

మహారాజశ్రీ స్పీడ్ బ్రేకర్ గారికి,

సైకిల్ తొక్కేవాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, నడుములు తప్ప. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టుపక్కల మీ వంశం దినదినాభివృద్ధి చెందుతోందని ప్రతి ఆదివారం తెల్లవారుజామున తెలుస్తూనే ఉంది. కళ్లకు కాదు లెండి, కూర్చున్న చోటికి.

ముందు మీ దగ్గరికి ఎందుకొస్తున్నామో చెప్పాలి. మా కోసం 2023 అక్టోబరులో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. పైన సోలార్ పలకల కప్పు, దాని మీద 16 మెగావాట్ల కరెంటు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. ఎండ పడదు, లారీ హారన్ చెవి పక్కనే మోగదు, మీరు ఉండరు. ఇంత సుఖం మనిషి ఎంతసేపు భరిస్తాడు చెప్పండి. రెండు చక్కర్లు కొట్టేసరికి ఆవలింతలొస్తాయి. ట్రాక్ దిగి చెరువు వైపు హ్యాండిల్ తిప్పేస్తాం. నార్సింగి నుంచి వచ్చినా, అప్పా జంక్షన్ నుంచి వచ్చినా చివరికి మీ కాళ్ల దగ్గరికే చేరతాం.

రోడ్డు మాత్రం అందమైన రోడ్డు, కాదనను. ఒక పక్క మృగవని కంచె. అది సుమారు 3.6 చదరపు కిలోమీటర్ల చిన్న జాతీయ పార్కు, లోపల చుక్కల జింకలు. తెల్లారుతుండగా కంచె అవతల నెమళ్లు అరుస్తుంటాయి, చెట్ల సందుల్లోంచి చెరువు గాలి ముఖానికి తగులుతుంది. టైరు సన్నగా జుయ్యిమంటూ పాడుతుంటుంది. ఈ రోడ్ బైక్ టైరు బొటనవేలి కన్నా కాస్త వెడల్పుంటుంది, గాలి మాత్రం కారు టైరుకి రెండింతలు కొడతాం. ఎత్తు దిగుతున్నాం, కాళ్లు ఖాళీ, మనసు ఇంకా ఖాళీ. సరిగ్గా అప్పుడు, మర్రి నీడలో రంగు లేకుండా, బోర్డు లేకుండా, రోడ్డుతో కలిసిపోయి పడుకున్న మీరు.

ధడేల్.

ముందు చక్రం మిమ్మల్ని దాటేలోపు బాటిల్ దాని గూట్లోంచి ఎగిరి రోడ్డు మీద దొర్లుకుంటూ జామకాయల బండి కిందికి పోతుంది. వెనక చక్రం దిగేసరికి ట్యూబు మీ అంచుకీ రిమ్ముకీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. మావాళ్లు దీన్ని స్నేక్‌బైట్ అంటారు. పంక్చర్ షాపాయన ఆ సన్నటి వాల్వ్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇదేం సైకిల్ సార్, దీనికి మా గాలి ఎక్కదు’ అని వెనక్కిచ్చేస్తాడు. మీ మీంచి దూకే విద్య కూడా కొందరికి తెలుసు. వాళ్లు చక్రాలు రెండూ గాల్లోకి లేపి దాటేసి, వెనక్కి తిరిగి మా వంక చూసి నవ్వుతారు. వాళ్లమీదా నాకు సదభిప్రాయం లేదు.

మీకూ ఒక శాస్త్రం ఉంది, తెలుసా? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు కూర్చుని మీ జాతకం రాశారు. వెడల్పు 3.7 మీటర్లు, నడిమధ్యన ఎత్తు 10 సెంటీమీటర్లు, మెల్లగా లేచి మెల్లగా దిగాలి. ఒంటిమీద తెలుపు, నలుపు పట్టీలు. నలభై మీటర్ల ముందే ‘వస్తున్నారు’ అని బోర్డు. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి హాయిగా దాటిపోవాలన్నది లెక్క. చూడండి ఎంత విడ్డూరమో! 25 అంటే అచ్చంగా మా వేగమే. శాస్త్రం ప్రకారం మీరు మాకోసమే పుట్టారు.

మరి వాస్తవంలో మీరు అడుగున్నర వెడల్పు, దానికి తగ్గ పొగరు. ఫార్చూనర్లు మీ మీంచి పోతే లోపల కూర్చున్నవాళ్ల చేతిలో కాఫీ కూడా తొణకదు. ఎవరి వేగం తగ్గించాలని మిమ్మల్ని వేశారో వాళ్ల ఒంటికి మీరు తగిలినట్టే తెలియదు. గంటకి పాతిక వేగంతో పోయేవాడికి మాత్రం వెన్నుపూసలు ఒక్కొక్కటీ పేరు పెట్టి పలకరిస్తాయి.

మీ పుట్టుక గురించి కూడా కొంత వాకబు చేశాను. పగలు రోడ్డు వేస్తారు. సాయంత్రానికి తారు కలిపిన కంకర కాస్త మిగులుతుంది. ఎవరో ఒక పెద్దమనిషి గేటు దగ్గర నిలబడి ‘ఇక్కడొకటి వేసేయండయ్యా’ అంటాడు. రోలర్ రెండుసార్లు అటూ ఇటూ పోతుంది. తెల్లారేసరికి మీరు. తండ్రెవరని ఆ ఆఫీసులో అడిగితే ఈ ఆఫీసు వైపు చూపిస్తారు, ఈ ఆఫీసులో అడిగితే ఆ ఊరి వైపు. మిమ్మల్ని తీసెయ్యమని అర్జీ పెట్టుకోవాలన్నా ఎవరి పేరున పెట్టాలో తెలీదు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు వెడల్పు చేస్తామన్నప్పుడు దారి పొడవునా ఉన్న వందల మర్రిచెట్లు ప్రాణాలు కాపాడుకోడానికి గ్రీన్ ట్రిబ్యునల్ మెట్లెక్కాల్సి వచ్చింది. మర్రి బతకాలంటే వకీలు కావాలి. మీరు పుట్టాలంటే మిగిలిన కంకర చాలు.

తిట్టడానికే రాస్తున్నాననుకోకండి. ఇంతకాలం మిమ్మల్ని మోస్తూ తిరిగాక మీ గొప్పతనం ఒకటి నాకు తెలిసొచ్చింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. వేలమంది పోయారు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహాతో నది పైభాగాన రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (మన గండిపేట చెరువే) 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవి దశాబ్దాల పాటు ఊరి దాహం తీర్చాయి. వాటిలోకి వచ్చే నీరు చెడిపోకూడదని 1996 మార్చిలో 111 నంబరు జీవో తెచ్చారు. చుట్టూ పది కిలోమీటర్లు, 84 ఊళ్లు. కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు వద్దు, పెద్ద హోటళ్లు వద్దు, కాలనీలు వద్దు. నూటికి తొంభై వంతుల భూమి సాగుకో, తోటలకో, ఆటస్థలాలకో ఉండాలి. ఒక నూనె ఫ్యాక్టరీ కేసులో 2000లో సుప్రీంకోర్టు కూడా జలాశయాల పక్షానే నిలబడింది. కాగితం మీద ఇంతకన్నా గట్టి గోడ ఉండదు.

ఇప్పుడు ఆ గోడ లోపల సైకిల్ మీద తిరుగుతున్నాను కదా, మీరు ఎక్కడెక్కడ తగులుతున్నారో గమనించాను. ఊరి బడి దగ్గర ఒకరు. సరే. గుడి మలుపులో ఒకరు. సరే. ఆ తర్వాత ఎక్కడ తగిలినా తలెత్తి చూస్తే పక్కనే ఒక గేటు. గ్రానైట్ స్తంభాలు, పైన ఇంగ్లీషులో లేక్ వ్యూ అనో గ్రీన్స్ అనో పేరు, లోపల లాన్, దాని వెనక కన్వెన్షన్ హాలు. ఇంకాస్త ముందుకెళ్తే ఇంకో ధడేల్, ఇంకో గేటు, ఈసారి ఫామ్‌హౌస్. ఫామ్ ఎక్కడుందో కనపడదు, హౌస్ మాత్రం మూడంతస్తులు. ఆ తర్వాత రిసార్టు. ఆ తర్వాత విల్లాలు. ప్రతి గేటుకీ ముందొకటి, వెనకొకటి చొప్పున మీరు, పెళ్లిపందిరి గుంజల్లా జంటగా.

ఆదివారం పొద్దున ఆ హాళ్ల ముందు రోడ్డు చూస్తే రాత్రి ముహూర్తం ఎంత ఘనంగా జరిగిందో తెలుస్తుంది. వాడిపోయిన బంతిపూల తోరణం, బారాత్‌లో పేల్చిన రంగు కాగితాలు, నలిగిన ప్లాస్టిక్ గ్లాసులు. మీ ఒంటి పక్కనే పగిలిన బీరు సీసా ముక్కలు. మీ ముందు బ్రేకు వేస్తే సీసా మీదికి, వేయకపోతే మీ మీదికి. వాన పడిందంటే ఇదంతా కొట్టుకుపోయేది ఎటో అడగక్కర్లేదు. వాలు చెరువు వైపే ఉంది.

ఏ శాఖ దగ్గర ఏ పటం ఉందో నాకక్కర్లేదు. ఆ పరీవాహక ప్రాంతంలో ఎన్ని గేట్లు లేచాయో సర్వే చెయ్యాలంటే డ్రోన్లు, శాటిలైట్లు దండగ. ఒక సైకిలూ, సన్న టైర్లూ, నాలాంటి నడుమూ చాలు. 2022 ఏప్రిల్లో 69 నంబరు జీవో వచ్చి 111 ముడి విప్పిందని పేపర్లలో చర్చలు జరుగుతుంటే నాకు నవ్వొచ్చింది. ముడి ఎప్పుడో విడిపోయిందని మా వెన్నుపూసలు అంతకు చాలా ముందే నివేదిక ఇచ్చాయి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా జేసీబీలు ఖానాపూర్, చిల్కూరు వైపు వచ్చి కొన్ని కట్టడాలు కూల్చాయి. అప్పుడు కాస్త ఆశ పుట్టిన మాట నిజం. అయినా రోడ్డు మీద మీరు ఎక్కడివారు అక్కడే ఉన్నారు.

చిల్కూరు గుడి దగ్గర మాత్రం మీ మీద నాకు కోపం లేదు. హుండీ లేని ఆ బాలాజీ దగ్గరికి వీసా మొక్కు కోసం వచ్చే పిల్లలు ముందు పదకొండు ప్రదక్షిణలు చేస్తారు, కోరిక తీరాక వచ్చి 108 చేస్తారు. చేతిలో లెక్క కార్డు, నోట్లో గోవింద నామం, ఎదురుగా వచ్చే బండి మీద ధ్యాస ఉండదు. అక్కడ మీరు ఉండాల్సిందే. బడి పిల్లలు రోడ్డు దాటేచోటా ఉండాల్సిందే, ఇంకాస్త ఎత్తుగా ఉన్నా భరిస్తాను. (మొక్కు తీరి అమెరికా వెళ్లి, అక్కడ సైకిల్ పిచ్చి పట్టుకుని తిరిగొచ్చినవాళ్లు కూడా మా గుంపులో ఉన్నారు. వాళ్లు గుడి చుట్టూ తిరిగితే పనయింది. మేం చెరువు చుట్టూ ఇన్నేళ్లుగా తిరుగుతున్నా ఏమీ కాలేదు. మొక్కులో ఏదో తేడా ఉంది.)

సరే, అసలు మనవి. మీ శక్తి మీకు తెలీదు. 84 ఊళ్లలో జీవోకి ఆగినవాడు లేడు గానీ, మీ ముందు మాత్రం అందరూ ఒక్క క్షణమైనా ఆగాల్సిందే. మంత్రి కాన్వాయ్ అయినా, పెళ్లికొడుకు గుర్రమైనా, ఇసుక లారీ అయినా. ఈ రాష్ట్రంలో చట్టం చెయ్యలేని పని తారుముద్ద చేస్తోంది. అందుకని ఒక చిన్న బదిలీ కోరుతున్నాను. మీరు రోడ్డుకి అడ్డంగా కాకుండా, ఓ తొంభై డిగ్రీలు తిరిగి, ఆ గేట్లకి అడ్డంగా పడుకోండి. ఎత్తు పది సెంటీమీటర్లు కాదు, ఒక నాలుగడుగులు పెంచుకోండి. కాంక్రీటు కలిపే లారీ లోపలికి పోలేనంత. సెప్టిక్ ట్యాంకర్ బయటికొచ్చి చీకట్లో చెరువు వైపు తిరగలేనంత. మా రోడ్డు మాకు వదిలేయండి.

అంత పని మీ వల్ల కాదంటే, కనీసం ఒంటికి తెల్లరంగు పూయించుకోండి. డబ్బా ఖర్చు మా గుంపు పెట్టుకుంటుంది. ఎవరి పర్మిషన్ తీసుకోవాలో మీరే చెప్పాలి. మీ తండ్రిగారు ఎక్కడున్నారో మాకు ఎవరూ చెప్పడం లేదు.

ఇట్లు,
మీ మీంచి ప్రతి ఆదివారం ఎగిరిపడే,
సన్న టైర్ల సైకిల్ వాడు

తా.క.: రోడ్డు అంచున మీరు ఒక అడుగు జాగా వదిలారు కదా, మట్టిలోంచి తప్పించుకుపోడానికి. మొన్న చూస్తే దాన్ని కూడా కంకరతో పూడ్చేశారు. పక్కనే కొత్త గేటుకి స్తంభాలు లేస్తున్నాయి.